తెరపై లండన్ పార్లమెంట్.. షూటింగ్ జరిగింది మాంచెస్టర్‌లో! పాత సీరియళ్ల లొకేషన్ల గుట్టు ఎలా విప్పుతారు?

ఎత్తైన రాతి కమానులు, సన్నటి పొడవాటి కిటికీలు, ఎంతకీ తరగని కారిడార్లు. వాటి మధ్య గుసగుసలాడుకుంటూ నడిచే ఎంపీలు. 1990లో బీబీసీలో వచ్చిన 'హౌస్ ఆఫ్ కార్డ్స్' సీరియల్ చూస్తే ఇదంతా లండన్‌లోని పార్లమెంట్ భవనంలోనే తీశారని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ కారిడార్లు లండన్‌లో లేవు. అక్కడి నుంచి రోడ్డు మార్గంలో 300 కిలోమీటర్లకు పైగా వెళ్తే వచ్చే మాంచెస్టర్‌లో ఉన్నాయి. తెరపై పార్లమెంట్‌గా కనిపించింది ఆ ఊరి టౌన్‌హాల్.

ఇలా ఒక ఊరిని చూపించి ఇంకో ఊళ్లో తీసిన సీరియళ్లు ఎన్నో ఉన్నాయి. దశాబ్దాల కిందటి సీన్‌ను ఫోన్‌లో ఆపి, అందులోని కిటికీనో మెట్లనో పట్టుకుని 'ఇది ఫలానా భవనం' అని తేల్చేవాళ్లూ ఉన్నారు. చూడ్డానికి కాలక్షేపంలా ఉంటుంది కానీ ఈ పని వెనుక నగరాల చరిత్ర ఉంది. కొన్ని వీధులు, కొన్ని భవనాలు ఒకప్పుడు ఎలా ఉండేవో చెప్పే కదిలే దృశ్యాలు ఇప్పుడు ఆ పాత సీరియళ్లలోనే మిగిలాయి. మరి ఈ లొకేషన్లను ఎలా కనిపెడతారు? దానివల్ల ప్రయోజనం ఏంటి?

అసలు పార్లమెంట్‌లోనే ఎందుకు తీయలేదు?

కారణం సింపుల్. అనుమతి దొరకదు. బ్రిటన్ పార్లమెంట్ లోపల కథా చిత్రాల షూటింగ్‌కు ఏళ్ల తరబడి తలుపులు మూసే ఉంచారు. హౌస్ ఆఫ్ కామన్స్ కార్యకలాపాలను టీవీలో చూపించడమే 1989 నవంబర్‌లో కానీ మొదలవలేదు. ఒక సినిమా యూనిట్‌ను పార్లమెంట్ ప్రాంగణంలో షూటింగ్‌కు అనుమతించింది తొలిసారి 'సఫ్రజెట్' సినిమా కోసమే. ఆ సినిమా విడుదలైంది 2015లో.

అంటే అంతకుముందు వచ్చిన రాజకీయ సీరియళ్లన్నీ పార్లమెంట్‌ను ఎక్కడో ఒకచోట 'తయారు చేసుకోవాల్సిందే'. సభ జరిగే హాలు కోసం సెట్ వేయొచ్చు. మాంచెస్టర్‌కు చెందిన గ్రెనడా టెలివిజన్ అదే చేసింది. జెఫ్రీ ఆర్చర్ నవల ఆధారంగా 1986లో వచ్చిన 'ఫస్ట్ అమాంగ్ ఈక్వల్స్' కోసం కామన్స్ సభ సెట్‌ను నిర్మించింది. 'హౌస్ ఆఫ్ కార్డ్స్' కూడా ఆ సెట్‌నే వాడుకుంది.

కానీ కారిడార్లు, మెట్లు, లాబీల సంగతి వేరు. రాయితో కట్టిన అంత పెద్ద కట్టడాన్ని సెట్‌గా వేయాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే అచ్చం అలాంటి పాత భవనాన్నే వెతుక్కున్నారు. అది స్టూడియోకు దగ్గర్లోనే దొరికింది.

మాంచెస్టరే ఎందుకు సరిపోయింది?

ఇక్కడే అసలు చరిత్ర మొదలవుతుంది. లండన్‌లోని పాత పార్లమెంట్ 1834 అక్టోబర్ 16న అగ్నిప్రమాదంలో కాలిపోయింది. కొత్త భవనం గోథిక్ శైలిలో కానీ, ఎలిజబెత్ కాలపు శైలిలో కానీ ఉండాలని షరతు పెట్టారు. చార్లెస్ బ్యారీ డిజైన్ ఎంపికైంది. లోపలి అలంకరణల్లో అగస్టస్ ప్యూజిన్ చెయ్యి పడింది. కోసుగా లేచే కమానులు, పైకి పొడుచుకొచ్చే శిఖరాలు, చెక్కడాలు నిండిన గోడలు.. ఇదీ ఆ శైలి. దేశానికే తలమానికమైన భవనం అలా ఉంటే మిగతా ఊళ్లు ఊరుకుంటాయా?

మాంచెస్టర్ అప్పట్లో పత్తి వ్యాపారంతో ప్రపంచమంతా పేరు మోగిపోతున్న ఊరు. తమ సంపద, తమ హోదా కనిపించేలా టౌన్‌హాల్ కట్టుకోవాలనుకుంది. ఆల్‌ఫ్రెడ్ వాటర్‌హౌస్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్‌తో 1868లో పని మొదలైంది, 1877లో ప్రారంభమైంది. గడియార స్తంభం ఎత్తు 280 అడుగులు, అంటే సుమారు 85 మీటర్లు. లండన్ బిగ్ బెన్ స్తంభం ఎత్తు 96 మీటర్లు. పోలిక ఊరికే రాలేదని అర్థమవుతోంది కదా!

నిపుణులు చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. పార్లమెంట్‌ది గోథిక్‌లో చివరి దశ శైలి. మాంచెస్టర్‌ది అంతకంటే పాతదైన 13వ శతాబ్దపు గోథిక్‌ను అనుసరించిన శైలి. కానీ టీవీలో సీన్ నాలుగు సెకన్లు. ఎదురుగా నటుడి ముఖం, వెనక రాతి కమాను. అంతలో ఎవరికి తేడా పట్టుబడుతుంది? అందుకే ఈ భవనం తర్వాత కూడా ఎన్నో సినిమాలకు, సీరియళ్లకు లండన్‌గా నటించింది. మార్గరెట్ థాచర్ జీవితంపై వచ్చిన 'ది ఐరన్ లేడీ' సినిమాలో కూడా పార్లమెంట్ సీన్ల కోసం ఈ టౌన్‌హాల్‌నే వాడారు.

నేల మీది తేనెటీగలే గుట్టు విప్పేస్తాయి

మరి ఇది లండన్ కాదు, మాంచెస్టర్ అని ఎలా తెలుస్తుంది? కొన్నిసార్లు నేల వైపు చూస్తే చాలు.

టౌన్‌హాల్‌లోని గ్రేట్ హాల్ బయట నేలపై చిన్న చిన్న రాళ్లతో మొజాయిక్ పని చేశారు. అందులో వరుసగా కనిపించేవి తేనెటీగలు. కష్టపడి పనిచేసే కార్మికుల ఊరు అన్నదానికి గుర్తుగా మాంచెస్టర్ తేనెటీగను తన చిహ్నం చేసుకుంది. 1842లో ఆ ఊరికి ఇచ్చిన అధికారిక చిహ్నంలోనూ తేనెటీగలు ఉన్నాయి. వెస్ట్‌మినిస్టర్ నేల మీద మాంచెస్టర్ తేనెటీగలు ఎందుకుంటాయి? కెమెరా కొంచెం కిందికి వంగి ఆ నేల కనిపించిందంటే రహస్యం బయటపడినట్టే.

గ్రేట్ హాల్ గోడలు ఇంకో గుర్తు. ఫోర్డ్ మాడాక్స్ బ్రౌన్ గీసిన 12 పెద్ద కుడ్యచిత్రాలు అక్కడ ఉన్నాయి. మాంచెస్టర్ చరిత్రలోని ఘట్టాలే వాటిలో కనిపిస్తాయి. ఆ బొమ్మల్లో ఒక్కటి నటుడి భుజం మీదుగా కనిపించినా చాలు, గది ఏదో చెప్పేయొచ్చు.

లొకేషన్ వేటలో మొదటి పాఠం ఇదే. పెద్ద ఆకారాన్ని చూస్తే మోసపోతాం. నేల, రెయిలింగ్, తలుపు పిడి, కిటికీ అడ్డకమ్మీల లెక్క లాంటి చిన్న వివరాలే నిజం చెబుతాయి. సెట్ వేసేవాళ్లు బోర్డులు మారుస్తారు, కర్టెన్లు మారుస్తారు, జెండాలు పెడతారు. కానీ నేలను తవ్వి మార్చరు.

తలుపు ఒక ఊళ్లో.. గది ఇంకో ఊళ్లో

కొన్ని సీరియళ్లలో వ్యవహారం ఇంకా తికమకగా ఉంటుంది. 2010లో మొదలైన బీబీసీ 'షెర్లాక్' చూడండి. కథ ప్రకారం హీరో ఇల్లు లండన్ బేకర్ స్ట్రీట్‌లో 221బీ. కానీ తెరపై కనిపించే ఆ నల్ల తలుపు బేకర్ స్ట్రీట్‌లో లేదు. యూస్టన్ స్టేషన్‌కు దగ్గర్లోని నార్త్ గోవర్ స్ట్రీట్‌లో 187వ నంబర్ ఇంటిది. పక్కనే కనిపించే స్పీడీస్ కెఫే మాత్రం నిజంగా అక్కడ నడిచే హోటలే.

ఎందుకిలా? ఇప్పటి బేకర్ స్ట్రీట్‌లో ట్రాఫిక్ ఎక్కువ. దానికి తోడు షెర్లాక్ హోమ్స్ మ్యూజియం, ఆయన పేరుతో బోర్డులు, బొమ్మలు. కథలో హోమ్స్ అక్కడే బతికి ఉంటే వీధి నిండా ఆయన బోర్డులు ఉంటే బాగుండదు కదా! అందుకే ప్రశాంతంగా ఉన్న పాత ఇళ్ల వీధిని ఎంచుకున్నారు.

తలుపు తీసి లోపలికి అడుగుపెట్టగానే కనిపించే హాలు, సోఫా, గోడకు అంటించిన కాగితం డిజైన్ మాత్రం ఆ ఇంట్లోవి కావు. అది లండన్‌కు 200 కిలోమీటర్లకు పైగా దూరంలో వేల్స్‌లో వేసిన సెట్. మ్యూజియం సీన్ కోసం వేల్స్ రాజధాని కార్డిఫ్‌లోని నేషనల్ మ్యూజియాన్ని లండన్ మ్యూజియంగా చూపించారు. అంటే నటుడు లండన్‌లో తలుపు తీసి వేల్స్‌లో గదిలోకి వెళ్లాడన్నమాట. ప్రేక్షకుడికి మధ్యలో కట్ అయిన సంగతే తెలీదు.

అందుకే 'లోపల' 'బయట' అనే రెండింటినీ వేర్వేరు కేసులుగా చూడాలి. బయటి గోడ దొరికిందని లోపలి గది కూడా అక్కడే ఉందని రాసేస్తే సగం తప్పు రాసినట్టే. ఇంటర్నెట్‌లో తిరిగే లొకేషన్ లిస్టుల్లో తరచూ కనిపించే పొరపాటు ఇది.

ఇదే సీరియల్‌లో 2012లో వచ్చిన ఎపిసోడ్‌లో హీరో పైనుంచి దూకే సీన్ మాత్రం కథలో చెప్పిన చోటే తీశారు. అది లండన్‌లోని సెయింట్ బార్తొలోమ్యూస్ హాస్పిటల్. 1123లో మొదలైన ఆస్పత్రి అది. ఆ ఎపిసోడ్ తర్వాత అభిమానులు అక్కడి టెలిఫోన్ బూత్ నిండా చీటీలు అంటించేశారు. దాదాపు 900 ఏళ్ల చరిత్ర ఉన్న చోటికి జనం ఒక సీరియల్ సీన్ కోసం క్యూ కట్టారు!

ఒకే ఊరు.. మూడు సీరియళ్లు.. 102 ఎపిసోడ్లు

ఆక్స్‌ఫర్డ్ కథ మరో రకం. ఇక్కడ ఊరు మారలేదు, పేర్లే మారాయి. కాలిన్ డెక్స్‌టర్ నవలల ఆధారంగా వచ్చిన 'ఇన్‌స్పెక్టర్ మోర్స్' 1987 నుంచి 2000 వరకు 33 ఎపిసోడ్లు నడిచింది. తర్వాత 'లూయిస్' 33 ఎపిసోడ్లు, మోర్స్ యువకుడిగా ఉన్నప్పటి కథ 'ఎండీవర్' 36 ఎపిసోడ్లు. మొత్తం 102. అన్నీ ఆక్స్‌ఫర్డ్ చుట్టూ తిరిగిన కథలే.

కథల్లో కాలేజీల్లో హత్యలు జరుగుతుంటాయి. నిజం కాలేజీ పేరు పెట్టి హత్య చూపిస్తే బాగుండదు కాబట్టి పేరు కల్పించారు. డెక్స్‌టర్ సృష్టించిన 'లాన్స్‌డేల్ కాలేజీ' వెనక ఉన్నది బ్రేజ్‌నోజ్ కాలేజీ. మొదటి ఎపిసోడ్‌లో వచ్చే 'కెనాల్ రీచ్' అనే వీధి కూడా మ్యాపులో ఉండదు. అది జెరికో ప్రాంతంలోని కూంబ్ రోడ్. మోర్స్ కుప్పకూలే ఆఖరి ఎపిసోడ్ సీన్ మాత్రం ఎక్సెటర్ కాలేజీ ప్రాంగణంలో తీశారు. ఇప్పటికీ అక్కడికి వెళ్లే టూరిస్టులు ఆ పచ్చగడ్డి దగ్గరే ఆగుతారు.

లొకేషన్లు వెతికేవాళ్లకు ఆక్స్‌ఫర్డ్ ఓ నిధి. ఎందుకంటే ఒకే ఊరు 1987 నుంచి 2023 వరకు, అంటే 36 ఏళ్ల పాటు, మళ్లీ మళ్లీ కెమెరాకు చిక్కింది. ఒకే సందు మోర్స్‌లో ఎలా ఉంది, లూయిస్‌లో ఎలా ఉంది అని పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. అయితే 'ఎండీవర్' దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఆ కథ 1960ల మధ్యలో మొదలవుతుంది. ఇలాంటి పీరియడ్ సీరియళ్లలో కొత్త బోర్డులు తీసేస్తారు, రోడ్డు మీది గీతలు కప్పేస్తారు, మిగిలింది కంప్యూటర్‌లో చెరిపేస్తారు. తెరపై కనిపించేది 1965లా ఉన్నా, అది 2010ల్లో తీసిన బొమ్మ. అసలు 1965 నాటి ఆధారంగా దాన్ని వాడుకోకూడదు.

వెతికేవాళ్లు ఏం చేస్తారు? స్టెప్ బై స్టెప్

లొకేషన్ కనిపెట్టడానికి ఖరీదైన పరికరాలేం అక్కర్లేదు. ఓపిక ఉండాలి. సాధారణంగా వెతుకులాట ఇలా సాగుతుంది.

*సీన్ ఆపి చూడటం:* నటులు లేని ఫ్రేమ్ కోసం వెతుకుతారు. సీన్ మొదటి సెకను, చివరి సెకను ఇందుకు బాగా పనికొస్తాయి. మారే వస్తువులు, మారని వస్తువులు అని రెండు లిస్టులు రాసుకుంటారు. రంగులు, బోర్డులు, చెట్లు మారతాయి. కిటికీల వరుస, పొగగొట్టాల సంఖ్య, మెట్ల లెక్క, రాతి చెక్కడం అంత తేలిగ్గా మారవు.

*బొమ్మ తిరగబడిందా అని చూడటం:* ఎడిటింగ్‌లో కొన్ని షాట్లను అద్దంలో చూసినట్టు తిప్పేస్తారు. అక్షరాలు, కారు స్టీరింగ్ ఉన్న వైపు, కోటు గుండీలు చూస్తే ఈ సంగతి తెలిసిపోతుంది. ఇది గమనించకపోతే సరైన వీధిలో నిలబడినా 'ఇది కాదు' అని వెనక్కి వచ్చేస్తారు.

*నీడలు:* బ్రిటన్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణం వైపు ఉంటాడు. నీడ ఏ వైపు పడిందో చూస్తే గోడ ఏ దిక్కుకు ఉందో అంచనా వేయొచ్చు. వంద వీధులున్న లిస్టు పది వీధులకు తగ్గేది ఇక్కడే.

*టైటిల్స్ చదవడం:* చివర్లో గబగబా పరిగెత్తే పేర్లలో ఏదో కౌన్సిల్‌కో, కాలేజీకో కృతజ్ఞతలు ఉంటాయి. చాలామంది ఆ భాగం రాగానే ఆపేస్తారు. వెతికేవాళ్లకు అదే మొదటి క్లూ.

*పాత పేపర్లు:* మన ఊళ్లో షూటింగ్ జరిగితే లోకల్ పేజీలో వార్త వచ్చినట్టే అక్కడా వస్తుంది. లైబ్రరీల్లోని పాత స్థానిక పత్రికలు అందుకే బంగారం. బీబీసీ కార్యక్రమాల విషయంలో 1923 నుంచి 2009 వరకు 'రేడియో టైమ్స్' పత్రికలో వచ్చిన కార్యక్రమాల వివరాలను 'బీబీసీ జీనోమ్' పేరుతో ఆన్‌లైన్‌లో పెట్టారు. ఎపిసోడ్ ఏ తేదీన వచ్చిందో తెలిస్తే, అంతకు కొన్ని నెలల ముందు పేపర్లలో వెతకొచ్చు.

*పాత మ్యాపులు:* నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ వెబ్‌సైట్‌లో బ్రిటన్ పాత సర్వే మ్యాపులు ఉచితంగా చూడొచ్చు. ఇప్పుడు లేని వీధులు కూడా వాటిలో పేర్లతో సహా ఉంటాయి.

*రక్షిత భవనాల జాబితా:* ఇంగ్లండ్‌లో చారిత్రక భవనాలకు అధికారిక జాబితా ఉంది. చాలా భవనాల గురించి మెట్లు, కమానులు, పైకప్పు పని ఎలా ఉంటాయో అందులో రాసి ఉంటుంది. తెరపై కనిపించిన మెట్లను ఆ వర్ణనతో పోల్చి చూస్తారు.

*స్ట్రీట్ వ్యూలో వెనక్కి వెళ్లడం:* గూగుల్ స్ట్రీట్ వ్యూలో చాలా వీధులకు పాత ఏళ్ల ఫొటోలు కూడా దొరుకుతాయి. ఇవాళ గాజు బిల్డింగ్ ఉన్నచోట పదేళ్ల కిందట ఏముందో చూడొచ్చు.

చివరిగా అక్కడికి వెళ్లి, అదే కోణంలో, అదే ఎత్తులో ఫొటో తీసి పక్కపక్కన పెడతారు. ఒక్క పోలిక సరిపోదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు నాలుగు ఆనవాళ్లు కలిస్తేనే 'ఖాయం' అంటారు. ఈ మధ్య పాత క్లిప్పులకు ఏఐతో మెరుగులు దిద్ది అప్‌లోడ్ చేయడం ఎక్కువైంది. వాటిలో మసకగా ఉన్న చోట యంత్రం సొంతంగా గీతలు కల్పిస్తుంది. లేని కిటికీ కమ్మీ కూడా ఉన్నట్టు కనిపించొచ్చు. అందుకే మెరుగులు దిద్దని ఒరిజినల్ కాపీనే చూడాలి.

సరదా కాదు.. సాక్ష్యం

ఈ వేట ఎందుకు ముఖ్యమో తెలియాలంటే లివర్‌పూల్ వెళ్లాలి. అక్కడి ఆల్బర్ట్ డాక్ 1846లో మొదలైంది. ఇటుక, రాయి, పోత ఇనుముతో కట్టిన గోదాములు. ఓడల వ్యాపారం తగ్గిపోయి 1972లో మూతపడింది. బురద మేటలు, ఖాళీ గోదాములు మిగిలాయి.

1982లో బీబీసీలో 'బాయ్స్ ఫ్రమ్ ది బ్లాక్‌స్టఫ్' వచ్చింది. ఉద్యోగాలు పోయిన కార్మికుల కథ. రాసింది అలన్ బ్లీస్‌డేల్. ఆఖరి ఎపిసోడ్‌లో జార్జ్ అనే ముసలి కార్మికుడిని వీల్‌చెయిర్‌లో కూర్చోబెట్టి పాడుబడిన ఆల్బర్ట్ డాక్ మీదుగా తీసుకెళ్తారు. ఆయన తన జీవితమంతా గుర్తు చేసుకుని, అక్కడే కన్నుమూస్తాడు. వెనకాల కనిపించే శిథిలం సెట్ కాదు. ఆ రోజు ఆ డాక్ నిజంగానే అలా ఉంది.

ఆ తర్వాత కొన్నేళ్లకే అంతా మారిపోయింది. డాక్‌ను బాగు చేశారు. 1988లో టేట్ ఆర్ట్ గ్యాలరీ తెరిచారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఐటీవీ 'దిస్ మార్నింగ్' షో అక్కడి నుంచే మొదలైంది. నీళ్లపై తేలే బ్రిటన్ మ్యాపు మీద గెంతుతూ వాతావరణ వార్తలు చెప్పేవారు. జార్జ్ ఊపిరి వదిలిన చోట ఆరేళ్లకే నవ్వుల షో! ఈ రెండు టేపులు పక్కపక్కన పెడితే ఒక నగరం పడిన కష్టం, మళ్లీ లేచిన తీరు కళ్లకు కడతాయి.

కథ అక్కడితో ఆగలేదు. లివర్‌పూల్ రేవు ప్రాంతానికి 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. కొత్త కట్టడాలతో పాత రూపం దెబ్బతింటోందంటూ 2021లో ఆ హోదాను తీసేశారు. ఆ రేవు అంతకుముందు ఎలా ఉండేదన్న ప్రశ్న వచ్చినప్పుడు ఫొటోలతో పాటు పాత సీరియల్ సీన్లు కూడా ఆధారాలే.

కొన్ని చోట్ల పరిస్థితి ఇంకా దారుణం. 1960 డిసెంబర్‌లో మొదలై ఇప్పటికీ నడుస్తున్న 'కొరొనేషన్ స్ట్రీట్' సీరియల్‌కు నమూనా మాంచెస్టర్ పక్కనే ఉన్న సాల్‌ఫర్డ్‌లోని ఆర్చీ స్ట్రీట్. ఒకదానికొకటి ఆనుకుని ఉండే కార్మికుల ఇళ్ల వీధి అది. 1970ల మొదట్లో దాన్ని కూల్చేశారు. సెట్ మాత్రం బతికే ఉంది. ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారి, పెరిగి పెద్దదైంది. అసలు వీధి పోయింది, నకలు నిలిచింది!

టేపులే పోతే?

ఇక్కడ ఇంకో చిక్కుంది. పాత రోజుల్లో వీడియో టేపు చాలా ఖరీదు. ఒకసారి ప్రసారమయ్యాక మళ్లీ వేస్తారన్న ఆలోచన తక్కువ. అందుకే 1960లు, 70ల్లో బీబీసీ సహా టీవీ సంస్థలు ఎన్నో టేపులను చెరిపేసి వాటి మీదే కొత్త కార్యక్రమాలు రికార్డ్ చేశాయి. 1960ల నాటి 'డాక్టర్ హూ' ఎపిసోడ్లు పదుల సంఖ్యలో ఇలాగే పోయాయి. టేపు పోతే కథతో పాటు, వెనకాల కనిపించిన వీధి కూడా పోయినట్టే.

ఇలాంటప్పుడు మిగిలేవి స్టిల్ ఫొటోలు, షూటింగ్ షెడ్యూల్ కాగితాలు, అప్పుడు అక్కడున్నవాళ్ల జ్ఞాపకాలు. ఆ రోజు యూనిట్‌లో పనిచేసినవాళ్లు, కిటికీలోంచి చూసినవాళ్లు పెద్దవాళ్లు అయిపోతున్నారు. అందుకే ఈ పనికి టైం చాలా తక్కువ ఉంది. ఐదేళ్లు ఆగితే కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పేవాళ్లే ఉండరు.

షూటింగ్‌తో పాత భవనాలకు మేలా? కీడా?

రెండూ ఉన్నాయి. పాత భవనాన్ని కాపాడుకోవడం ఖర్చుతో కూడిన పని. మాంచెస్టర్ టౌన్‌హాల్‌నే తీసుకోండి. 2018 జనవరిలో దాన్ని మూసేసి పునరుద్ధరణ మొదలుపెట్టారు. ఖర్చు అంచనా 30 కోట్ల పౌండ్లు దాటింది. షూటింగ్ ఫీజుతో అంత ఖర్చు తీరదు కానీ ఎంతోకొంత ఆదాయం వస్తుంది. అంతకంటే ముఖ్యం.. జనం చూస్తారు, గుర్తుపెట్టుకుంటారు. జనానికి తెలిసిన భవనం మీద చెయ్యి వేయడం అంత తేలిక కాదు.

అయితే పేరు వేరే ఊరికి పోతే ఈ లాభం దక్కదు. మాంచెస్టర్ భవనాన్ని చూసి 'లండన్ ఎంత బాగుందో' అనుకుంటే ఆ మెప్పు లండన్‌కే వెళ్తుంది. లొకేషన్ వేటగాళ్లు చేసే పని ఒకరకంగా ఆ మెప్పును అసలు హక్కుదారుకు తిరిగి ఇప్పించడమే.

కీడు కూడా చెప్పుకోవాలి. బరువైన ట్రాలీలు, వేడెక్కే లైట్లు, గోడకు అంటించే టేపు, కంగారులో తగిలే స్టాండు.. వందల ఏళ్ల నాటి రంగును, చెక్కడాన్ని పాడుచేయడానికి వీటిలో ఒక్కటి చాలు. అందుకే చారిత్రక భవనాల్లో గోడలకు మేకులు కొట్టకూడదని, నేలపై మెత్తటి పరుపులు వేయాలని, భవనం తరఫు మనిషి దగ్గరుండాలని షరతులు పెడతారు.

మన దగ్గర సంగతేంటి?

ఈ పని మన దేశంలోనూ చేయొచ్చు. 1986లో దూరదర్శన్‌లో వచ్చిన 'మాల్గుడి డేస్' అందుకు మంచి ఉదాహరణ. ఆర్.కె.నారాయణ్ ఊహించిన మాల్గుడి ఏ మ్యాపులోనూ లేదు. దర్శకుడు శంకర్ నాగ్ దాన్ని కర్ణాటకలోని అగుంబెలో చూపించారు. అక్కడి 'దొడ్డమనె' అనే పాత ఇల్లు చూడ్డానికి ఇప్పటికీ జనం వెళ్తున్నారు. రైల్వే స్టేషన్‌గా కనిపించిన శివమొగ్గ జిల్లా అరసాళు స్టేషన్‌లోని పాత భవనాన్ని బాగుచేసి 2020లో మాల్గుడి మ్యూజియంగా మార్చారు. కూలిపోయే దశకు వచ్చిన చిన్న స్టేషన్ భవనాన్ని ఒక సీరియల్ జ్ఞాపకం నిలబెట్టిందన్నమాట.

హైదరాబాద్‌కు ఈ అవసరం ఇంకా ఎక్కువ. సైఫాబాద్‌లోని పాత సెక్రటేరియట్‌లో ఉన్న జీ బ్లాక్ 1888 నాటిది. నిజాం కాలపు ఆ కట్టడాన్ని 2020 జూలైలో మిగతా బ్లాకులతో పాటు కూల్చేశారు. ఎర్రమంజిల్ విషయంలో మాత్రం 2019లో హైకోర్టు కూల్చివేత నిర్ణయాన్ని కొట్టేసింది. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర పదేళ్లకు పైగా సాగిన పునరుద్ధరణ 2024లో పూర్తయింది. గోల్కొండ, కుతుబ్ షాహీ సమాధుల దగ్గర తీసిన పాత పాటలు, సీన్లు ఎన్నో ఉన్నాయి. మరమ్మతులకు ముందు గోడలు, తోటలు, చుట్టుపక్కల ఖాళీ స్థలాలు ఎలా ఉండేవో వాటిలో కనిపిస్తుంది. ఏ సీన్ ఎక్కడ, ఏ ఏడాది తీశారో రాసి పెడితే అవి సినిమా క్లిప్పులు మాత్రమే కాదు, ఊరి రికార్డులు కూడా అవుతాయి.

మీరూ వెతకాలనుకుంటున్నారా? ఇవి మర్చిపోకండి

- మీకు బాగా తెలిసిన వీధితో మొదలుపెట్టండి. రోజూ చూసే కిటికీని గుర్తుపట్టినంత తేలిగ్గా కొత్త ఊళ్లో గుర్తుపట్టలేం.
- స్క్రీన్‌షాట్‌తో పాటు ఎపిసోడ్ పేరు, ఎన్నో నిమిషంలో వచ్చిందో రాసుకోండి. లేకపోతే ఇంకొకరు సరిచూసుకోలేరు.
- షూటింగ్ ఏడాది వేరు, ప్రసారమైన ఏడాది వేరు. రెండూ ఒకటే అనుకోవద్దు.
- ఖాయం కానిదాన్ని 'అనుమానం' అనే రాయండి. ఒక తప్పు లిస్టును పది సైట్లు కాపీ కొడితే దాన్ని సరిదిద్దడం చాలా కష్టం.
- ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. 'ఆ షూటింగ్ నేను చూశా' అనే మాట ఏ ఆర్కైవ్‌లోనూ దొరకదు. చెప్పింది ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోండి.
- మనుషులు నివసించే ఇళ్ల జోలికి వెళ్లొద్దు. రోడ్డు మీద నుంచి చూసి వచ్చేయండి.

ఆఖరి మాటను తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికాలోని ఆల్బుకర్కీలో 'బ్రేకింగ్ బ్యాడ్' సీరియల్‌లో హీరో ఇల్లుగా చూపించింది నిజంగా ఒక కుటుంబం ఉంటున్న ఇల్లు. సీరియల్‌లో చేసినట్టే అభిమానులు కప్పు మీదికి పిజ్జాలు విసరడం మొదలుపెట్టారు. అలా చేయొద్దని సీరియల్ సృష్టికర్తే చెప్పాల్సి వచ్చింది. చివరికి ఆ ఇంటివాళ్లు చుట్టూ ఆరడుగుల కంచె వేసుకున్నారు. అడ్రస్ కనిపెట్టడం వరకే వేటగాళ్ల పని. ఆ గుమ్మం దాటాలా వద్దా అన్నది అక్కడ ఉండేవాళ్ల ఇష్టం.